మొదటి పూత పోచవ్వకే

కోరుట్ల బస్టాండు వెనక సందులో పోచవ్వను ఎరగనివాళ్లు లేరు. అయితే నిన్నమొన్నటి దాకా ఆమెను జనం గుర్తుపట్టింది చేతులను బట్టే గాని మొహాన్ని బట్టి కాదు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. తునికాకు కత్తిరించడంలో ఆ సందు మొత్తంలో ఆమెను మించినవాళ్లు లేరు. మొహం సంగతి మాత్రం ఆమెకే పట్టలేదు. బట్టలుతికే సబ్బు ముక్కతోనే పొద్దున్నే మొహం కూడా రుద్దుకునేది. కొంగుతో తుడుచుకుని, అద్దం అవసరం లేకుండా చేతి అలవాటు మీద బొట్టు పెట్టుకునేది. రెండు చెంపల మీదా మంగు మచ్చలు పాకి ఉన్నాయి. అవి ఎప్పుడొచ్చాయో ఆమె గమనించనే లేదు.

భర్త గంగారాం ఒకప్పుడు తాటిచెట్లెక్కి కల్లు గీసిన మనిషి. మోకాలు దెబ్బతిన్నాక చెట్లు మానేసి ఒక ఫంక్షన్ హాలులో వాచ్‌మెన్‌గా కుదిరాడు. కొడుకు మహేందర్ మస్కట్‌లో ఉన్నాడు. కోడలు ప్రణీత జగిత్యాలలో బ్యూటీషియన్ కోర్సు నేర్చుకుని వచ్చి, ఇంటి ముందు గదికి షట్టర్ పెట్టించి పార్లర్ తెరిచింది. పోచవ్వ ఆ గది గడప దగ్గరే చాట వేసుకుని కూర్చునేది. లోపల కోడలు కనుబొమలు తీర్చుతుంటే, బయట అత్త బీడీలు చుడుతుండేది.

పార్లర్ పెట్టిన కొత్తలోనే ప్రణీతకు ఒక దెబ్బ తగిలింది. బడిలో టీచరుగా పనిచేసే స్వరూప ఒకనాడు ఫేషియల్ చేయించుకుని వెళ్లింది. సాయంత్రానికి ఆమె మొహమంతా ఎర్రగా దద్దుర్లు లేచాయి. మర్నాడు తమ్ముడి గృహప్రవేశానికి పోవాల్సిన మనిషి, వచ్చి షట్టర్ ముందు నిలబడి, ఒక్క మాటా అనకుండా మొహం చూపించి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని ప్రణీత చాలా రోజులు బాధపడింది. అప్పటినుంచి ఏ కొత్త క్రీమునూ ముందు పరీక్షించి చూడకుండా ఎవరి మొహానికీ పెట్టకూడదని గట్టిగా అనుకుంది.

అనుకోవడం తేలికే. జగిత్యాల నుంచి బండి మీద వచ్చే రాజేశం, దుకాణాలకు, పార్లర్లకు సరుకు వేసేవాడు, వచ్చినప్పుడల్లా గుప్పెడు శాంపిళ్లు బల్ల మీద పోసి వెళ్లేవాడు. ఫేస్‌వాష్ పాకెట్లు, చిటికెన వేలంత క్రీము ట్యూబులు, సీరమ్ సీసాలు. వాటిని ప్రణీత తన మొహానికే పూసి చూసుకోబోయింది. ఆమెది మరీ సున్నితమైన చర్మం. రెండో శాంపిల్‌కే కళ్లు వాచి, ఒకపూట తెరవలేకపోయింది.

అది చూసి పోచవ్వ చాట పక్కన పెట్టి లేచింది.

"నా మొకానికి పెట్టి జూడు బిడ్డా. ఎండకు ఓర్సుకున్నది, పొగాకు దుమ్ముకు ఓర్సుకున్నది. దీనికేమైతది?"

ప్రణీత ఒప్పుకోలేదు. అత్త మొహం మీద ప్రయోగాలేమిటని వెనక్కి తగ్గింది. పోచవ్వ ఆ మాట వినిపించుకోకుండా పోయి పార్లర్ కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ అంత మెత్తగా ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

కోడలు గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి మొహం తుడిచింది. వేళ్ల కొసలతో నుదుటి మీద, ముక్కు పక్కల, గదవ కింద మెల్లగా రాసింది. పోచవ్వ కళ్లు మూసుకుంది. తన పిల్లల మొహాలు ఎన్నిసార్లు కడిగిందో లెక్కలేదు. ముసలి అత్తకు చివరి రోజుల్లో నోరు తుడిచింది. తన మొహాన్ని మాత్రం, తల్లి పోయిన తర్వాత, ఇట్లా ఇంకొకరు పట్టుకున్నది లేదు. పని అయిపోయిందని ప్రణీత చెప్పినా ఆమె లేవలేదు. ఇంకొంచెం సేపు ఉంటే గాని మంట పుడుతుందో లేదో తెలియదని చెప్పింది. మంట ఏమీ లేదు. లేవబుద్ధి కాలేదు, అంతే.

అట్లా మొదలైంది. ఏ శాంపిల్ వచ్చినా మొదటి పూత పోచవ్వకే. ఆమె తీర్పులు కూడా ఆమె లాగే ఉండేవి. ఒక ఫేస్‌వాష్ పెట్టుకుని, మొహాన్ని ఎవరో వెనకనుంచి పట్టి గుంజినట్టుందని చెప్పింది. మామిడిపండు వాసన వచ్చే క్రీము పూసుకుని, ఇది పెట్టుకుంటే ఈగలు వెంటబడతాయని తీసి పక్కన పడేసింది. ఇంకొక దాన్ని రాసుకుని అరగంట కూర్చుని, ఇది మంచిదని, చర్మం నీళ్లు తాగినట్టుందని అన్నది. మొదట్లో రాజేశం నవ్వేవాడు. రానురాను బండి దిగుతూనే, ప్రణీత ఏమన్నదని కాదు, పోచవ్వ ఏమన్నదని అడగడం మొదలుపెట్టాడు.

ఒకనాడు షీట్ మాస్క్ శాంపిల్ వచ్చింది. తడిగా, తెల్లగా, కళ్లకు నోటికి చిల్లులున్న కాగితం లాంటిది. దాన్ని మొహానికి అతికించుకుని పోచవ్వ ఊరికే కూర్చోలేక గడపలో బీడీలు చుడుతున్నది. డ్యూటీ దిగి గంగారాం ఇంటికొచ్చాడు. గడప ముందు తెల్లటి మొహంతో ఏదో ఆకారం బీడీలు చుడుతుంటే, చెప్పులు విడవబోయినవాడు ఒక చెప్పుతోనే ఆగిపోయాడు. ఎవరని అడిగాడు. నేనే గాని, మూతి కదిలించొద్దని కోడలు చెప్పింది, నన్ను మాట్లాడించకని పళ్ల మధ్య నుంచి జవాబు వచ్చింది. గంగారాం అన్నానికి లేవకుండా ఎదురుగా పీట వేసుకుని, ఆ కాగితం తీసేదాకా చూస్తూ కూర్చున్నాడు. తీసిన తర్వాత "పెండ్లైన కొత్తల గిట్లనే ఉంటుంటివి" అన్నాడు.

పోచవ్వ అతన్ని కసిరి అన్నానికి పంపింది. సాయంత్రం మాత్రం బజారుకు పోయి చేతి అద్దం కొనుక్కొచ్చింది.

అద్దం వచ్చాక ఆమెకు మంగు కనబడింది. ఇన్నేళ్లూ అక్కడే ఉన్నదాన్ని కొత్తగా చూసినట్టు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూసుకునేది. సరిగ్గా అప్పుడే తంగళ్ళపల్లి నుంచి అక్క లింగవ్వ ఫోన్ చేసింది. కూతురు వనితకు సంబంధం కుదిరిందని, వరపూజకు అందరూ రావాలని. ఆ రోజుకల్లా మచ్చలు లేకుండా పోతే అక్క ఏమంటుందో అని పోచవ్వకు ఆశ పుట్టింది.

ఆ ఆశే ఆమెను ముంచింది. రాజేశం కాదు, ఇంతకుముందెప్పుడూ కనబడని ఒక మనిషి సంచి వేసుకుని వచ్చి, వారంలో మొహం తెల్లబడుతుందని చెప్పి ఒక ట్యూబు ఊరికే ఇచ్చిపోయాడు. దాని మీద కంపెనీ పేరు కూడా సరిగ్గా లేదు. ప్రణీత దాన్ని పక్కన పెట్టి, పని మీద జగిత్యాల పోయింది. ఆమె అటు పోగానే పోచవ్వ ట్యూబు విప్పింది. రెండు చెంపలకూ దట్టంగా పూసుకుని, మధ్యాహ్నం కదా అని నడుం వాల్చింది.

మంటతో లేచింది. నీళ్లు చల్లుకున్న కొద్దీ మంట పెరిగింది. తెల్లవారేసరికి చెంపలు ఉడికినట్టయి, పొర లేవడం మొదలైంది. ప్రణీత ఏడుస్తూనే ఆమెను జగిత్యాలలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరమ్మ చూసి, అన్నీ ఆపేయమన్నది. ఒక మందు రాసిచ్చి, ఎండకు పోవద్దని, మానడానికి దాని టైం అది తీసుకుంటుందని చెప్పింది.

సందులో కథ ఇంకోలా నడిచింది. కోడలు అత్త మొహం కాల్చిందని పుట్టింది మాట. అది ఎట్లా దాటిందో సముద్రం దాటి మహేందర్ చెవిన పడింది. అతను ఫోన్ చేసి భార్యను కడిగేశాడు. పార్లర్ మూసెయ్యమన్నాడు. ప్రణీత ఎదురు చెప్పకుండా తల ఊపుతున్నది. అవతలివాడికి తల ఊపడం కనబడదన్న సంగతి కూడా ఆమెకు తోచలేదు. పోచవ్వ లేచి ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"మహేందర్, మొకం నాది. పూసుకున్నది నేను. అది ఇంట్ల లేనప్పుడు దొంగతనంగ పూసుకున్న. పార్లర్ నడుస్తది. నువ్వు అన్నం తిని పండుకో."

ఫోన్ పెట్టేసి, బయటికి పోయి, రెండు రోజులుగా దించి ఉన్న షట్టర్‌ను తన చేత్తో పైకి నెట్టింది. లోపలి కుర్చీ ఒకటి తెచ్చి గడప పక్కన నీడలో వేసుకుని, కొంగు కప్పుకోకుండా కూర్చుంది. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆమె ఒకే సంగతి చెప్పింది. తెలియని ట్యూబును కోడలికి చెప్పకుండా, మంగు పోతదన్న ఆశకు తానే పూసుకున్నానని, మీరెవరూ అట్లా చెయ్యొద్దని. మొదటిరోజు నవ్వినవాళ్లున్నారు. తర్వాత ఆడవాళ్లు తమ ఇళ్లలోని ట్యూబులు కొంగు చాటున పట్టుకొచ్చి, ఇది కూడా అట్లాంటిదేనా అని మెల్లగా అడగడం మొదలుపెట్టారు. అత్తాకోడళ్లిద్దరూ వాళ్లను డాక్టరమ్మకు చూపించమని పంపేవాళ్లు.

ఒక సాయంత్రం స్వరూప టీచర్ వచ్చింది. పోచవ్వ చెంప దగ్గరికి వంగి చూసి, తన దద్దుర్లు దీని ముందు ఎంతని అన్నది. లోపలికి పోయి కనుబొమలు తీయించుకుని, వెళ్తూ వెళ్తూ ప్రణీత భుజం తట్టింది.

పోచవ్వ చెంపకు కొత్త చర్మం వచ్చి, డాక్టరమ్మ సరేనన్న తర్వాతే మళ్లీ శాంపిళ్లు బల్ల మీదికి వచ్చాయి. ఈసారి పద్ధతి మారింది. ఏ శాంపిలైనా ముందు మణికట్టు లోపలివైపు. ఏమీ కాకపోతే మర్నాడు చెవి వెనక. అక్కడా ఏమీ కాకపోతే అప్పుడు చెంప. తొందరపడితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

శాంపిళ్లు అట్లా మళ్లీ బల్ల ఎక్కకముందే వరపూజ రోజు వచ్చింది. అప్పటికి పోచవ్వ చెంపల మీద పొర పూర్తిగా పోలేదు. గంగారాం డ్యూటీ ఉందని ఆగిపోయాడు. అత్తాకోడళ్లు వేములవాడ మీదుగా బస్సులో తంగళ్ళపల్లి పోయారు. బట్టలు నేసే సాంచాల చప్పుడు వినిపించే సందులో లింగవ్వ ఇల్లు చుట్టాలతో నిండి ఉంది. చెల్లెల్ని చూడగానే లింగవ్వ మొహం మాడ్చుకుంది. నలుగురూ వినేలా, కోడళ్లు అత్తలకు అన్నం పెడతారో లేదో అనుకున్నాం గాని, అత్త మొహం మీద మందు కొట్టే కోడలిని ఇక్కడే చూశామన్నది. ప్రణీత తల వంచుకుంది. పోచవ్వకు నోటిదాకా మాట వచ్చింది. శుభకార్యం కదా అని మింగుకుని, కోడలి చెయ్యి పట్టుకుని పోయి మొదటి వరుసలోనే కూర్చుంది.

భోజనాల వేళ వనిత పోచవ్వను లోపలి గదిలోకి పిలిచి తలుపు దగ్గరకు వేసింది. తువాలు తడిపి మొహం మీది పౌడరంతా తుడుచుకుంది. కింద చెంపలు రెండూ ఎర్రగా, పలచబడి, సన్నటి నరాలు తేలి ఉన్నాయి.

"చిన్నమ్మా, నేను గూడ గసొంటి ట్యూబే పెడ్తున్న. శాన రోజులాయె. బంద్ చేస్తే మండుతది, మళ్ల పెడితెనే ఆగుతది. అమ్మకు తెల్వదు. పెండ్లి దాక ఎట్లనో నాకు సమజైతలేదు."

పోచవ్వ ఆ పిల్ల గదవ పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. తన అద్దంలో తాను చూసుకున్న కాలిన చెంపలే ఆ పిల్ల మొహంలో కనబడ్డాయి. "నాతోని రా బిడ్డా" అని మాత్రం అన్నది. చీరలు, జాకెట్లు కొనే పని ఉందని లింగవ్వకు చెప్పి, వారం తిరక్కుండా వనితను కోరుట్ల రప్పించింది.

జగిత్యాల డాక్టరమ్మ ఆ ట్యూబు చూసి, ఇది డాక్టరు చెప్పకుండా వాడే మందు కాదని, ఆపాల్సిందేనని, ఆపాక కొన్నాళ్లు మొహం ఇంకా చెడుతుందని, భయపడొద్దని చెప్పింది. ఆమె చెప్పినట్టే అయ్యింది. వనిత మొహం ఉబ్బి, పొక్కులు లేచి, రాత్రింబవళ్లు మండింది. ట్యూబు మళ్లీ పెట్టుకుంటానని ఏడ్చింది. పోచవ్వ చేతి అద్దాన్ని బియ్యం డబ్బాలో దాచేసి, తడిగుడ్డ పట్టుకుని పక్కన కూర్చునేది. ఒకరి చెంప మానుతుంటే ఇంకొకరి చెంప కాలుతున్నది. డాక్టరమ్మ పెట్టమన్న క్రీము, ఫేస్‌వాష్ తప్ప వనిత మొహానికి ఇంకేదీ తగలలేదు. పెళ్లినాడు వేయాల్సిన ఫౌండేషన్, పౌడర్లు, రంగులు మాత్రం ప్రణీత రాజేశం చేత రకరకాల శాంపిళ్లు తెప్పించింది. అవన్నీ మణికట్టు, చెవి, చెంప వరుసలో పోచవ్వ మీదికెక్కాయి. సగం పనికిరాకుండా పోయాయి. మిగిలినవాటిని డాక్టరమ్మకు చూపించి, ఆమె సరేనన్నవే వనిత చెవి వెనక పెట్టి చూశారు.

ఉబ్బు తగ్గేదాకా పెళ్లి పనుల పేరు చెప్పి వనితను కోరుట్లలోనే ఉంచారు. తర్వాత ఆమె వస్తూ పోతూ ఉండగానే నెలలు గడిచాయి. దసరా వెళ్లేసరికి ఆమె చెంపల ఎరుపు చల్లారింది. తెల్లబడలేదు. తన రంగుకు తాను తిరిగి వచ్చింది. బియ్యం డబ్బాలోంచి అద్దం తీసి ఇచ్చిన రోజున ఆ పిల్ల చాలాసేపు చూసుకుని, అద్దం పక్కన పెట్టి, చిన్నమ్మ ఒళ్లో తల పెట్టుకుంది.

పెళ్లి సిరిసిల్లలో ఒక ఫంక్షన్ హాలులో. పెళ్లికూతురి గదిలో ప్రణీత స్టాండు లైటు నిలబెట్టి, సరంజామా పరిచి, బ్రష్ తీసుకుంది. వనిత కుర్చీలో కూర్చోబోతుండగా లింగవ్వ గదిలోకి వచ్చింది. కరీంనగర్ నుంచి బ్యూటీషియన్‌ను పిలుస్తానంటే కూతురు పడనివ్వలేదన్న కోపం ఆమెకు అప్పటికే ఉంది.

"ఆగు. నా బిడ్డ మొకం మీద నువ్వు చెయ్యి పెట్టద్దు. మా చెల్లెకు జేసింది సాలు."

గది నిండా ఆడవాళ్లు. ప్రణీత బ్రష్‌ను బల్ల మీద పెట్టేసింది. వనిత తల్లికి అసలు సంగతి చెప్పబోయింది. పోచవ్వ ఆమెను కళ్లతోనే ఆపింది. పెళ్లి పూట, ఇంతమందిలో ఆ పిల్ల గుట్టు బయటపడటం ఆమెకు ఇష్టం లేదు. ముందుకు వచ్చి పెళ్లికూతురి కుర్చీలో తానే కూర్చుంది.

"ముందుగల్ల నాకు వెయ్యి బిడ్డా. పెండ్లి పిల్లకు ఏమేమి వేస్తవో అన్నీ వెయ్యి. మీ పెద్దత్తమ్మ నిలవడి సూడనీ."

ఎవరో మూల నుంచి కిసుక్కుమన్నారు. పోచవ్వ అటు చూడలేదు. లైటు వైపు మొహం ఎత్తి కళ్లు మూసుకుంది. ప్రణీత తడిదూదితో మొదలుపెట్టింది. అత్త నుదురు తగలగానే వేళ్లకు పాత అలవాటు వచ్చేసింది. ఆ మొహం ఆమెకు తన అరచేయి కన్నా బాగా తెలుసు. ఏ పక్క తేలిగ్గా తాకాలో, ఎక్కడ రంగు ఎక్కువ పడుతుందో, కళ్ల కింద ఎంత ఆపాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. మంగు ఉన్నచోట పలచగా ఒక పూత వేసి, దాన్ని మొత్తం కప్పెట్టకుండా వదిలింది. ఆడవాళ్లు ఒకరొకరే దగ్గరికి జరిగారు. బయటినుంచి సన్నాయి వినబడుతున్నది.

అయిపోయాక పోచవ్వ కళ్లు తెరిచింది. ఎదురుగా అక్క నిలబడి ఉంది. లింగవ్వ దగ్గరకు వచ్చి, కాలిన చెంప మీద చూపుడువేలు పెట్టి చూసింది.

"మంట లేదానే?"

"లేదక్కా. సల్లగున్నది."

లింగవ్వ ఒక అడుగు వెనక్కి వేసి చెల్లెలిని చూసింది. బీడీలు చుట్టే చేతులతో, ఎండకు నలిగిన చీరలతో పక్కన నిలబడే చెల్లెలిని ఆమె ఎన్నో ఏళ్లుగా చూస్తూనే ఉంది. ఇంత నిటారుగా కూర్చోవడం మాత్రం ఇదే చూడడం. ప్రణీత వైపు తిరిగి, చెయ్యి బిడ్డా, నా బిడ్డకు చెయ్యి అన్నది. అన్నాక వెళ్లిపోలేదు. పక్కనే నిలబడి, కూతురికి వేసే ప్రతి పూతా చూసింది. వనిత ముస్తాబై లేచి నిలబడేసరికి గదిలోవాళ్లంతా ఆమె వైపు తిరిగారు. కొత్త రంగేదీ లేదు. అది వనిత మొహమే. ఆ మొహంలో ఎన్నో నెలలుగా లేని నిమ్మళం కనబడింది. ఆ పిల్ల నవ్వితే అందరూ నవ్వారు.

వనితను మండపానికి తీసుకుపోయే హడావుడిలో అందరూ తలుపు వైపు కదిలారు. లింగవ్వ మాత్రం ఖాళీ అయిన కుర్చీలో వచ్చి కూర్చుంది.

"జల్ది నాగ్గూడ వెయ్యి ప్రణీతా. మొగపిల్లగానోల్ల ముందట మా చెల్లె ఒక్కతే మెరవాల్నా?"

పోచవ్వకు ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. నవ్వితే కళ్ల కింద గీతలు పడతాయని కోడలు గదిమింది. గదిమిన ప్రణీత కూడా నవ్వుతూనే ఉంది. లింగవ్వ పని సగంలో ఉండగానే మేనత్త వరసామె ఒకరు, తర్వాత ఇంకొకరు గోడ పక్కన వచ్చి నిలబడ్డారు. తలంబ్రాలు అయ్యాక మండపం నుంచి లింగవ్వ వెంట వచ్చిన పెళ్లికొడుకు తల్లి కూడా, మీ దగ్గర ఎవరో బాగా చేస్తున్నారట కదా అని, లోపలికి తొంగి చూసింది. ఆమెకు చర్మం తొందరగా దద్దుర్లెక్కుతుందట. భయం భయంగా కూర్చుంటూ, ఇవి ఎవరికైనా పెట్టి చూసినవేనా అని అడిగింది.

ప్రణీత జవాబు చెప్పేలోపే లింగవ్వ అందుకుంది. ఈ సామానులో తన చెల్లెలి మొహానికి తగలనిది ఒక్కటి కూడా లేదని, తన చెల్లెలు సరేనంటేనే ఏదైనా ఇంకొకరి దాకా వస్తుందని, తానే దగ్గరుండి చూసుకున్నట్టుగా చెప్పింది. పోచవ్వ అడ్డు చెప్పలేదు. కొత్త వియ్యపురాలి మణికట్టు తిప్పి, లోపలివైపు చుక్కంత క్రీము పెట్టి, చల్లగుందా మంటగుందా అని అడిగి, కాసేపు ఆగుదామని పక్కనే పీట వేసుకుని కూర్చుంది.